ఒక నొక్కుకు ఒక తన్ను

ఫిర్యాదు కింద సంతకం ఉంది. చిక్కంతా అక్కడే వచ్చింది. ఆకాశరామన్న ఉత్తరమైతే నాలుగు ముక్కలు చేసి బుట్టలో పడేసి, చేతులు కడుక్కుని వంట చూసుకోవచ్చు. పేరు రాసి, పేరు కింద గీత గీసి, గీత కింద రెండు చుక్కలు కూడా పెట్టిన మనిషికి జవాబు చెప్పక తప్పదు.

"చదివావా అమ్మా?" అన్నాడు గడియారాలాయన తలెత్తకుండా. కుడికంటికి భూతద్దం బిగించుకుని, ఒక చిన్న చేతిగడియారం పొట్ట విప్పి, పట్టకారుతో దాని పేగులు సర్దుతున్నాడు.

"చదివానండీ" అంది కోడలు. కూరల సంచీ మోకాలికి ఆనించుకుని ఆ కాగితం మూడోసారి చదివింది. రెండే వాక్యాలు. ‘కాలితో తొక్కే కుట్టుమిషను పెడలు రిమోట్ కాదు. అత్తగారు ఆడుతుంటే కోడలు టైము చూడడం న్యాయం కాదు.’ రాసినవాడు మెరుపు. అతను సిటీ బస్సు నడుపుతాడు. క్లబ్బులో అతన్ని మెరుపు అంటారు గానీ, బస్సుస్టాపులో నిలబడేవాళ్ళు వేరే పేర్లు పెట్టుకున్నారు.

క్లబ్బంటే గడియారాల కొట్టు పైన ఒక గది. ముప్ఫై ఒక్కమంది సభ్యులు. అక్కడ ఒకే ఆట. ముప్ఫయ్యేళ్ళ కిందటి వీడియోగేమ్ క్యాసెట్టు, పేరు ‘దీపాలాయన’. వేలెడంత మనిషి దివిటీ పట్టుకుని ఎనిమిది అంతస్తుల దీపస్తంభం ఎక్కి, పైనున్న దీపం వెలిగించాలి. మామూలుగా ఆడితే రెండు పూటలు పడుతుంది. వీళ్ళు దాన్ని పది నిమిషాల్లో ముగించాలని ఏళ్ళతరబడి వేళ్ళు అరగదీసుకుంటున్నారు. ఎవరు ఎంత తొందరగా వెలిగిస్తే గోడమీది పట్టికలో వాళ్ళ పేరు అంత పైకి. ప్రస్తుతం అన్నిటికన్నా పైన ఉన్న పేరు అత్తగారిది. తొమ్మిది నిమిషాల నలభై ఒక్క సెకన్లు. ఆవిడ కింద, మూడు సెకన్ల తేడాతో, గడియారాలాయన. ఆయన కింద మెరుపు.

"ఇన్నాళ్ళూ నోటిమాట మీద నడిచింది. ఇక రాతకోతలుండాలి. ఆదివారం కూర్చుందాం. కమిటీ ముగ్గురం, నువ్వు, నేను, లెక్కల టీచరు" అంటూ గడియారాలాయన రిపేరు చీటీ ఒకటి ఆమె వైపు జరిపాడు. దాని వెనక పెన్సిలుతో రాసి ఉంది: ‘రిమోట్ కంపెనీవాడు చేసినట్టే ఉండాలి. రెండు చేతులతో ఆడాలి.’

కోడలు రెండో వాక్యం దగ్గర ఆగిపోయింది.

"రెండు చేతులతో అంటే, మా అత్తయ్య..."

"రూలంటే అందరికీ ఒకటేనమ్మా. మనిషిని చూసి రాస్తే అది రూలవదు, శుభలేఖ అవుతుంది."

ఆ పెడల్ని రిమోట్‌కి అతికించింది ఈయనే. ఇంటికొచ్చి, నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, కోడలి కుట్టుమిషను పెడలు విప్పి, లోపల రాగిరేకు పెట్టి, తీగలు కలిపి, "మేడమ్‌గారూ, దూకాలంటే తొక్కండి, అంతే" అని చేతులు దులుపుకుని లేచాడు. అప్పుడావిడ పట్టికలో ఇరవై తొమ్మిదో స్థానంలో ఉంది. ఇరవై తొమ్మిదినుంచి మూడు దాకా ఎక్కుతున్నంత కాలం అది రిమోటే. రెండు దాటాక కుట్టుమిషను పెడలైంది.

ఈ మాట కోడలి నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడే కూర్చుంది. ఆమెకు నలుగురిలో మాట్లాడడం చేతకాదు. కమిటీలో వేసింది కూడా మాట్లాడుతుందని కాదు, చేతిరాత గుండ్రంగా ఉంటుందని. ఇంకో కారణం, ఎవరు రికార్డు కొట్టినా ఆ వీడియోని సెకనుకు అరవై ఫ్రేముల చొప్పున ఒక్కొక్కటే కదుపుతూ, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు, ఆవలించకుండా చూడగలదని.

"ఆదివారం వస్తానండీ" అని, సంచీ ఎత్తుకుని బయటపడింది. ఇంట్లో ఆవిడకి ఈ సంగతి ఎవరు చెబుతారు? ఇంకెవరు చెబుతారు.

ఇంటికొచ్చేసరికి అత్తగారు టీవీ ముందు కుర్చీలో నిటారుగా ఉంది. కుడిచెయ్యి ఒళ్ళో, ఎవరో దాచిపెట్టమని ఇచ్చి వెళ్ళిన వస్తువులా పడి ఉంది. ఎడమచేతి వేళ్ళు బల్లకి బిగించిన రిమోట్ మీద, ఎడమకాలు పెడలు మీద. తెరమీద దీపాలాయన అయిదో అంతస్తు పొగగొట్టంలో ఉన్నాడు. అటుగోడని తన్ని ఇటు, ఇటుగోడని తన్ని అటు, తన్నుకుంటూ పైకి పోవాలి. ఒక నొక్కుకు ఒక తన్ను. ఎంత వేగంగా నొక్కితే అంత వేగంగా ఎక్కుతాడు. ఆటంతటికీ ప్రాణాంతకమైన చోటు అదే.

ఆవిడ ముప్ఫయ్యేళ్ళు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపింది. పక్షవాతం వచ్చి పెదవి కుడివైపుకు జారినప్పటినుంచీ నలుగురిలో నోరు విప్పడం మానేసింది. ఇంట్లో మాత్రం మాటకీ మాటకీ మధ్య చోటు వదులుతూ, తప్పుల్లేకుండా మాట్లాడుతుంది.

"ఆలస్యం... అయింది" అంది తెరమీంచి చూపు తిప్పకుండా.

"కూరల దగ్గర రద్దీ అత్తయ్యా."

"గోరుచిక్కుళ్ళు... ముదురు. చప్పుడు... చెబుతోంది."

సంచీ చప్పుడు విని కూరగాయ వయసు చెప్పే మనిషి దగ్గర ఒక రహస్యాన్ని ఆదివారం దాకా దాచాలి. కోడలు వంటింట్లోకి వెళ్ళి కుళాయి విప్పి, ఊరికే నీళ్ళు పోనిస్తూ నిలబడింది.

*

బుధవారం అత్తగారిని వ్యాయామం చేయించే అమ్మాయి దగ్గర దింపి వచ్చి, కోడలు తలుపు గడియ పెట్టి, ‘నలభై ఒకటి’ వీడియో తెరిచింది. తొమ్మిది నిమిషాలని అందరికీ తెలుసు కాబట్టి దాన్ని క్లబ్బులో ‘నలభై ఒకటి’ అనే అంటారు. ఆమె ఉద్దేశం మంచిదే. పెడలు వల్ల ఆవిడకి కలిసొచ్చింది ఏమీ లేదనీ, కాలు వేలికన్నా మొద్దుదనీ లెక్క తీసి, కాగితం మీద పెట్టి, ఆదివారం ఆ కాగితాన్ని మాట్లాడనివ్వాలని. తను మాట్లాడనక్కర్లేకుండా.

అయిదో అంతస్తు. ఫ్రేము తరవాత ఫ్రేము. దీపాలాయన కాలు గోడకి తగిలిన ప్రతిసారీ నోటుపుస్తకంలో నిలువుగీత గీస్తోంది. తొమ్మిది గీతల దాకా బాగానే ఉంది. పదో తన్నుకీ పదకొండో తన్నుకీ మధ్య మూడు ఫ్రేములున్నాయి.

వెనక్కి తిప్పింది. మళ్ళీ చూసింది. మూడే.

మూడు ఫ్రేములంటే సెకనులో ఇరవయ్యో వంతు. ఏ మనిషి కాలూ అంతలో లేచి మళ్ళీ పడదు. ఈగకి కూడా కొంచెం అనుమానమే. ఆ తరవాత పద్దెనిమిది, పందొమ్మిది. మళ్ళీ ఇరవయ్యారు, ఇరవయ్యేడు. పొగగొట్టం పైకి చేరేసరికి ఇలాంటి జంటలు ఎనిమిది.

ఈ వీడియోని ఆరువారాల కిందట తనే చూసింది. ఇలాగే, ఫ్రేము తరవాత ఫ్రేము చూసి, ‘సరిచూడడమైనది’ అని గుండ్రటి అక్షరాలతో రాసింది. అప్పుడు ఇవి కనిపించలేదా? ఆ రోజు అత్తగారు ఎడమచేత్తో తన చెయ్యి పట్టుకుని నవ్విన నవ్వు కళ్ళకి అడ్డం పడిందా? అలా అయితే మెరుపు రాసిన రెండో వాక్యం... ఆ వాక్యం నిజమే కాబోలు అనిపించడం మొదటి వాక్యం కన్నా ఎక్కువ భయపెట్టింది.

ఇక మిగిలింది పెడలు. అత్తగారి కుర్చీలో కూర్చుని, ఆట పెట్టి, దీపాలాయన్ని పొగగొట్టంలో నిలబెట్టి, తీరిగ్గా తొక్కింది. ఒకటి. ఆగింది. రెండు. ఆగింది. సరిగ్గా ఇరవైసార్లు. తెరమీద తన్నులు లెక్కపెట్టింది. ఇరవయ్యారు.

రాగిరేకు వదులైంది. తొక్కగానే తగిలి, ఎగిరి, మళ్ళీ తగులుతోంది. తొక్కేవాళ్ళకి తెలియదు. కాలికి ఒక్కటే, ఆటకి రెండు. పాపం పుణ్యం ఎరగని రేకు, అయిదునెలలుగా ఆవిడకి దొంగసాయం చేస్తోంది.

కోడలు టీవీ కట్టేసి ఆ నల్లటి తెరలో తన మొహం చూసుకుంది. నిజం చెబితే, పెడల్ని పీకేయడానికి వాళ్ళకి తనే కారణం అందించినట్టు. పెడలు పోతే రెండు చేతులు. రెండు చేతులంటే ఆవిడ లేదు. చెప్పకపోతే, గోడమీది పట్టికలో ఒక అబద్ధానికి తన చేతిరాతతో సాక్ష్యం. డాక్టరు మాటొకటి ఉండనే ఉంది: "బెంగపెట్టే మాటలేవీ చెవిన వేయకండి. ఇంకోసారి వస్తే నేను హామీ ఇవ్వలేను." మొదటిసారి రాకుండా ఆయనేం హామీ ఇచ్చాడో గానీ, ఆ మాట మాత్రం గుండెలో మేకులా దిగింది.

భోజనాల దగ్గర భర్తతో గొంతు తగ్గించి చెప్పింది. ఆయన మజ్జిగ తాగుతూ విని, "ఆటేగా!" అన్నాడు.

"మీరు ఆఫీసుకి వెళ్ళేది ఉద్యోగమేగా అంటే ఊరుకుంటారా?"

"దానికి దీనికి పోలికేంటి? సరే, అమ్మకి చెప్పకు. వాళ్ళకీ చెప్పకు. ఎవరికీ చెప్పకపోతే సరిపోతుంది." ఆ ఇంట్లో పెద్ద పెద్ద సమస్యలన్నీ ఆయన ఇలాగే పరిష్కరిస్తాడు. అందుకే అవి అలాగే ఉంటాయి.

గురువారం పొద్దున్న అత్తగారి బీపీ నూట నలభై ఆరు. శుక్రవారం నూట అరవై ఎనిమిది. చేతిపట్టీ విప్పుతూ కోడలు ఆ అంకెని ఆవిడకి కనపడకుండా అరచెయ్యి అడ్డం పెట్టింది. ఆవిడ అరచేతిని చూసింది గానీ అడగలేదు. ఆ రోజంతా పెడలు చప్పుడు వినిపిస్తూనే ఉంది. టక్. టక్. ప్రతి టక్కు వెనకా వినపడని ఇంకో టక్కు కోసం కోడలు చెవి నిక్కబొడుచుకునేది. పాలు పొంగాయి. చొక్కాకి బొత్తాం తలకిందులుగా కుట్టింది. తలకిందులైన బొత్తాం ఎలా ఉంటుందని అడక్కండి, ఆమెకే తెలియాలి.

శనివారం మధ్యాహ్నానికి ఆమె ఒక నిర్ణయానికి వచ్చింది. నిర్ణయమంటే గౌరవంగా ఉంటుంది. నిజానికి అది దొంగబుద్ధి. పెడలు విప్పి, రాగిరేకు కింద చిన్న రబ్బరుముక్క పెట్టి బిగించేస్తే, రేపు ఎవరు పరీక్షించినా ఇరవైకి ఇరవై. నలభై ఒకటి నలభై ఒకటిగానే ఉంటుంది. ఎవరికీ చెప్పకపోతే సరిపోతుంది. పదకొండేళ్ళ కాపురంలో భర్త సలహా పాటించడం ఇదే మొదలు.

అత్తగారు కునుకు తీస్తోంది. కోడలు స్క్రూడ్రైవరు తీసుకుని బల్లకింద బోర్లా పడుకుంది. మూడు మరలు విప్పింది. నాలుగోది తుప్పు పట్టి రానంది. దాన్ని బతిమాలుతుంటే నెత్తిమీద చేతికర్ర చప్పుడైంది.

"నా కాళ్ళకింద... ఏం చేస్తున్నావే?"

బల్లకింద నుంచి చూస్తే ఆవిడ పాదాలు రెండే కనిపిస్తున్నాయి. ఒకటి నేలని పట్టుకుని ఉంది, ఒకటి నేలమీద పెట్టి ఉంది. అబద్ధం చెబుదామని కోడలు నోరు తెరిచింది. నోట్లోకి దుమ్ము పోయి దగ్గొచ్చింది. దగ్గుతో పాటు సంగతంతా బయటికొచ్చింది. మెరుపు ఉత్తరం, రెండు చేతుల రూలు, మూడు ఫ్రేములు, ఇరవయ్యారు తన్నులు. పాదాలకే చెప్పింది. మొహానికి చెప్పే ధైర్యం లేదు.

తరవాత కర్ర, కాలు, ఈడ్చిన కాలు. మంచం కిర్రుమంది. కోడలు బయటికొచ్చేసరికి అత్తగారు గోడవైపు తిరిగి పడుకుంది.

"అత్తయ్యా."

కోడలు పీట తెచ్చుకుని మంచం పక్కన కూర్చుంది. ఆవిడ వీపు లేచి పడుతోందా లేదా అని చూస్తూ కూర్చుంది. ఒక ఊపిరికీ ఇంకో ఊపిరికీ మధ్య ఎన్ని ఫ్రేములుంటాయో లెక్కపెట్టే అలవాటు ఎవరికీ ఉండకూడదు. బీపీ చూస్తానంటే ఆవిడ చెయ్యి ఇవ్వలేదు. డాక్టరు నంబరు ఫోనులో తీసి ఉంచుకుని, దానిమీద బొటనవేలు పెట్టుకుని, కిటికీలోంచి పడ్డ ఎండ నేలమీంచి గోడ ఎక్కేదాకా అలాగే ఉండిపోయింది.

అప్పుడు అత్తగారు లేచి కూర్చుంది. "బిగించు. అలాగే. రబ్బరు... వద్దు."

కోడలు మరలు బిగించింది. ఆవిడ కుర్చీలో కూర్చుని, పొగగొట్టం దగ్గరికి వెళ్ళి, తన కాలితో తనే తొక్కింది. ఇరవైసార్లు. ఇన్‌స్టిట్యూట్‌లో పరీక్షకి ముందు ఒక్కొక్క మీటా నొక్కి చూసే మనిషిలా, నిదానంగా. పెదవులు తన్నుల్ని లెక్కపెడుతున్నాయి.

"ఇరవయ్యయిదు" అంది చివరికి. "అయితే... ఆ టైము... నాది కాదు."

"మీరు మోసం చెయ్యలేదు కదత్తయ్యా."

"నాది... కాదన్నా. మోసమని... అన్నానా?" ఎడమచెయ్యి ఒళ్ళో ఉన్న కుడిచేతిని వెతుక్కుని పట్టుకుంది. "ఆట... తీసేస్తారా?"

కోడలు స్క్రూడ్రైవరు తీసి సొరుగులో పెట్టింది.

"భయంగా... ఉందే."

ఆ ఇంట్లో ఆ మాట ఎవరైనా అనొచ్చు. ఈవిడ అనకూడదు. ఆస్పత్రి చక్రాల మంచం మీద కూడా, వంకరపోయిన మూతితో, నర్సుకి దుప్పటి మడత సరిగ్గా లేదని సైగ చేసిన మనిషి.

"మీ పరీక్షల్లో టైపుమిషను ఒక్క అక్షరాన్ని రెండుసార్లు కొడితే ఏం చేసేవారత్తయ్యా?" అంది, ఏదో ఒకటి మాట్లాడాలని.

డిగ్రీ చదివిన కోడలికి ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు ఆవిడ ఆమె వంక చూసింది. "మిషన్ని... మార్చేవాళ్ళం. పిల్లని... బయటికి పంపుతామా?" అంది. మళ్ళీ కొంతసేపటికి, "అన్ని మిషన్లూ... చూసేవాళ్ళం. ఒక్కదాని మిషనే... చూస్తే... అది పరీక్షా?"

*

ఆదివారం పదిగంటలకి క్లబ్బు గదిలో ఇరవైమందికి పైగా చేరారు. రూల్సు రాస్తారంటే తిట్టుకుంటూనైనా వస్తారు. కింద కొట్లో గడియారాలు పది కొట్టడం మొదలుపెట్టి, తలో మాటా మాట్లాడి, పదీ పదికి ముగించాయి. అత్తగారు తలుపు పక్క కుర్చీలో కూర్చుంది. ఒళ్ళో సంచీ, సంచీలో పెడలు. పెదవి కనపడకుండా పమిట చెంగు పట్టుకుంది. ఇంతమందిలో ఆవిడ నోరు విప్పదు. కోడలు విప్పాలి.

గడియారాలాయన చీటీ చదివాడు. కంపెనీ రిమోట్. రెండు చేతులు.

"అభ్యంతరాలు ఏమైనా ఉన్నాయా?" అంది లెక్కల టీచరు, కళ్ళజోడు మీదనుంచి. అడిగింది అందరినీ గానీ ఆగింది కోడలి దగ్గర. "ఏమోయ్, పెన్ను మూత ఆ కాస్తా నమిలేస్తావా, మాట్లాడతావా?"

కోడలు లేచి నిలబడింది. "నేను... పెడల్ని పరీక్షించానండీ. ఇరవైసార్లు తొక్కితే ఇరవయ్యారు తన్నులు వచ్చాయి."

"చూశారా మరి!" అన్నాడు మెరుపు. సభ్యులు అత్తగారి వైపు చూడకుండా చూశారు. అవమానించకుండా అవమానించే పద్ధతి అది. అత్తగారి చెంగు కొంచెం పైకి జరిగింది.

"ఇంకా అవలేదండీ" అంది కోడలు. "ఆ వీడియో సరిచూసింది నేనే. ఆరువారాల కిందట చూడాల్సినవి చూడలేదు. ఎందుకు చూడలేదంటే... మా అత్తయ్య కాబట్టే అనుకుంటున్నా. మెరుపుగారు రాసిన రెండోది నిజం. నలభై ఒకటి కొట్టేయండి."

"మంచిదమ్మా, నీ అంతట నువ్వే..." అంటూ గడియారాలాయన చీటీ మడవబోయాడు.

"ఇదే పరీక్ష అందరికీ పెట్టాలండీ" అంది కోడలు. ఇక ఆగితే మళ్ళీ కూర్చుంటానని భయమేసి, ఊపిరి పీల్చకుండా అనేసింది. "ఇరవై నొక్కులు, ఇరవై తన్నులు. ఇక్కడే, ఇప్పుడే. ముందు పెడలు. తరవాత పట్టికలో ఉన్న వరసలోనే రండి. అంటే... తరవాత మీరే."

గడియారాలాయన నవ్వాడు. "నాది కంపెనీ రిమోటమ్మా!"

"అయితే మరీ మంచిది, తొందరగా తేలిపోతుంది" అంది లెక్కల టీచరు. అప్పటికే పలక మీద నిలువుగీతలకి చోటు వదిలేసింది.

పెడల్ని అందరి ముందూ పెట్టి, అత్తగారే తొక్కింది. ఇరవయ్యారు. తరవాత గడియారాలాయన తన రిమోట్ తెచ్చి, చొక్కా చేతులు పైకి మడిచి, నొక్కాడు. టీచరు పైకి లెక్కపెట్టింది. ఇరవయ్యో నొక్కు అయ్యేసరికి ఆవిడ ఇరవైమూడు దగ్గర ఉంది.

"తప్పు లెక్కపెట్టారు" అన్నాడాయన.

"ముప్ఫై రెండేళ్ళుగా నాకా మాట చెప్పింది ఏడో తరగతివాళ్ళేనండీ. మళ్ళీ నొక్కండి."

మళ్ళీ నొక్కాడు. ఇరవైనాలుగు.

జేబులోంచి సన్నటి స్క్రూడ్రైవరు తీసి, నిలబడినచోటే రిమోట్ విప్పాడు. బొత్తాం కింద ఉండాల్సిన రబ్బరు బిళ్ళ లేదు. దాని చోట గడియారం స్ప్రింగు ముక్క తళతళలాడుతోంది. "రబ్బరు అరిగిపోతే..." అన్నాడు మెల్లిగా, ఎవరితోనో చెబుతున్నట్టు. "చక్కగా పడుతోంది కదా అని నేనే పెట్టుకున్నా." ఆగి, గది చుట్టూ చూశాడు. "మీక్కూడా పెట్టిచ్చాను కదర్రా. చాలామందికి."

అయిదు రోజులుగా కోడలి ఒళ్ళో కూర్చున్న భయం లేచి, గదిలో ఇంకో చోటు వెతుక్కుంటూ బయల్దేరింది. సంచీలు ఒళ్ళోకి చేరాయి. ఒకాయనకి అర్జంటుగా ఫోనొచ్చింది, మోగకుండానే వచ్చింది. "తలుపు వేసేయండి" అంది టీచరు. పన్నెండున్నర దాకా పరీక్ష సాగింది. పంతొమ్మిది రిమోట్లలో పద్నాలుగు తప్పాయి. ముచ్చటపడి, తమంతట తామే బాగుచేయించుకుని మరీ తప్పారు.

మెరుపుది మాత్రం ఇరవైకి ఇరవై. అతని రిమోట్ అరిగి, పసుపుపచ్చబడి, బొత్తాం సగం లోపలికి కుంగి ఉంది. గట్టిగా నొక్కీ నొక్కీ అతని బొటనవేలు కాయ కాసింది. గడియారాలాయన పట్టికలోంచి తన పేరున్న చీటీ తనే తీశాడు, అత్తగారి చీటీ తీయడానికి మాత్రం చెయ్యి రాక, టీచరుకి వదిలేశాడు. చీటీలన్నీ పోయాక పైన మెరుపు పేరు మిగిలింది.

అతను పట్టిక ముందు నిలబడి మెడ గోక్కున్నాడు. "ఇదేంటి వదినా! ఫస్టొచ్చినట్టు లేదు, మిగిలిపోయినట్టుంది."

"రూలు చెప్పండి, రాస్తా" అంది కోడలు.

చాలా వాదనలయ్యాయి. చివరికి ఆమె గుండ్రటి అక్షరాలతో రాసింది: ‘ఒక నొక్కుకు ఒక తన్ను. ఆటకు ముందు ఇరవై నొక్కుల పరీక్ష. నొక్కినది చెయ్యా, కాలా అన్నది క్లబ్బుకు అనవసరం.’ ఆ ఆఖరి వాక్యం దగ్గర గడియారాలాయన ఏదో అనబోయి, విప్పిన రిమోట్ చేతిలోనే ఉండడంతో, అనలేదు.

"రెండోది కూడా రాయి వదినా" అన్నాడు మెరుపు. "ఏమనుకోకు."

రాసింది. ‘అయినవాళ్ళు టైము చూడరాదు. ఆడుతున్న గదిలో ఉండరాదు.’ రాస్తున్నప్పుడు అది న్యాయంగానే ఉంది. దాని బరువు తెలిసింది బుధవారం.

*

బుధవారం మెరుపుకి డ్యూటీ లేదు. టైము చూడడానికి వస్తానని అతనే అన్నాడు. మూడింటికంటే మూడింటికే తలుపు తట్టాడు, బస్సులో రాలేదు కాబట్టి. ముందురోజే గడియారాలాయన వచ్చి పెడల్లో రాగిరేకు పీకేసి రబ్బరు బిళ్ళ అమర్చి, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. అత్తగారి బీపీ నూట యాభై రెండు. ఫరవాలేదా అంటే లేదు, ఉందా అంటే ఉంది.

"నమస్కారం మేడమ్‌గారూ" అన్నాడు మెరుపు, గుమ్మంలో చెప్పులు విప్పుతూ. ఆవిడ పెదవికి చెంగు అడ్డం పెట్టుకోబోయి, ఎందుకో మానుకుంది.

"ఆలస్యం... కాలేదే" అంది.

అతను నవ్వి, కోడలి వైపు తిరిగి, నేలచూపులు చూశాడు. "వదినా, మరి..."

"వెళ్తున్నా."

వంటింట్లోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. ఇన్నాళ్ళూ ఆ కుర్చీ పక్కన తను లేకుండా ఆవిడ టైము పెట్టి ఒక్క ఆటా ఆడలేదు. కళ్ళజోడు జారితే ఎవరు సర్దుతారు? కాలు పట్టేస్తే? మెరుపుకి బస్సు ఆపడం తెలుసు, మనిషి మొహం ఒకవైపుకి జారుతుంటే గుర్తుపట్టడం తెలుసా? ఈ రూలు రాసిన చెయ్యి తనదేనని గుర్తొచ్చి, దాన్ని రెండో చేత్తో పట్టుకుంది.

లోపల్నుంచి పరీక్ష వినిపించింది. టక్. టక్. ఇరవై. "సరిపోయిందండీ" అన్నాడు మెరుపు. తరవాత ఆట సంగీతం.

అంతస్తులు ఆమెకి చెవులతో తెలుసు. మొదటిది, మెట్లు. రెండోది, గబ్బిలాలు. మూడు. నాలుగు. అయిదులో పొగగొట్టం. పెడలు చప్పుడు మారింది. మునుపటిలా పరిగెత్తడం లేదు, ఒక్కొక్కటీ బరువుగా పడుతోంది. టక్, టక్, టక్. ఆగింది. దీపాలాయన కింద పడ్డ చప్పుడు. మళ్ళీ మొదలు. టక్, టక్. మళ్ళీ పడ్డాడు. ఆ తరవాత ఏమీ వినపడలేదు.

కోడలు తలుపు మీద చెయ్యి వేసింది. తోస్తే ఆట చెల్లదు. తోయకపోతే? లోపల ఏం జరుగుతోందో ఎవరు చెబుతారు? ఒక ఊపిరి. రెండు. మూడోది రాలేదు, తనదే.

టక్.

నిదానంగా, ఎక్కడా తొందర లేకుండా, మెట్లమీద దీపం పట్టుకెళ్ళే మనిషి అడుగుల్లా మొదలై, ఈసారి ఆగలేదు. ఆరు. ఏడు. ఎనిమిదో అంతస్తు చివర దీపం వెలిగినప్పుడు వచ్చే చిన్న సంగీతం వినిపించేసరికి కోడలు నేలమీద కూర్చుని ఉంది. ఎప్పుడు కూర్చుందో తెలియదు.

తలుపు కొంచెం తెరుచుకుని మెరుపు తల కనిపించింది. "పదకొండు నిమిషాల ఆరు సెకన్లు వదినా."

"ఎన్నో స్థానం?"

"ఆరు. కొత్త పరీక్ష నెగ్గినవాళ్ళం అంతమందిమే ఉన్నాం." అంటే ఆఖరు. కోడలు ఆవిడ మొహం ఊహించుకుని కళ్ళు మూసుకుంది.

మెరుపు వెళ్ళలేదు. అరచేతులు ప్యాంటుకి రుద్దుకుంటున్నాడు. కాయ కాసిన బొటనవేలు వంక ఒకసారి చూసుకున్నాడు. "రెండుసార్లు పడ్డారు కదా. ఆ పడ్డవి తీసేసి, కొత్త పెడలు కాలికి అలవాటైతే..." మనసులో తన టైముతో ఏదో తీసివేత చేసి, ఆపేశాడు. "ఆవిడెప్పుడూ ఇంతేనా? ఇలా పడ్డా ఆగకుండా?"

"ఎందుకు?"

"ఏం లేదు. కొంచెం భయమేసింది."

లోపల కర్ర నేలకి తగిలింది. "అబ్బాయ్" అని అత్తగారి గొంతు. "రా. మళ్ళీ... పరీక్ష."

కోడలు కూడా అలవాటుగా లేవబోయింది.

"నువ్వు... కాదు" అంది ఆ గొంతు.

మెరుపు లోపలికి వెళ్ళి తలుపు వేశాడు. కోడలు గోడకి ఆనుకుని మోకాళ్ళు చుట్టుకుంది. టక్, అంది పెడలు. ఆమె ఒక వేలు ముడిచింది. ఒకటి.